బొబ్బట్టు తింటే పాపమా?

మన అమ్మమ్మల కాలంలో పాపాల చిట్టా వేరుగా వుండేది. అబద్ధమాడితే పాపం. గుమ్మంలోకి వచ్చిన మనిషిని మంచినీళ్ళైనా ఇవ్వకుండా పంపితే పాపం. కంచంలో అన్నం పారేస్తే పాపం. మనం చదువుకున్నవాళ్ళం కదా, ఆ చిట్టాలో చాలా పద్దులు కొట్టేశాం. కొట్టేసి ఊరుకున్నామా? లేదు, కొత్త పద్దులు రాసుకున్నాం. తీపి తింటే పాపం. నెయ్యి వేసుకుంటే మహాపాపం. రాత్రి ఎనిమిది దాటాక అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే ఇక రౌరవాది నరకాలే!

ఎగతాళికి అనడం లేదండీ. ఈ మధ్య ఏ పెళ్ళికి వెళ్ళినా, ఏ పేరంటానికి వెళ్ళినా గమనించండి. విస్తట్లో బొబ్బట్టు పడబోయేసరికి "అయ్యో వద్దండీ, నిన్ననే తప్పు చేశాను" అంటుంది ఒకావిడ. ఏమిటా తప్పు అని చెవి అటు వేస్తే, ఎవరింట్లోనో రెండు జిలేబీలు తిందిట! "ఇవాళ తినేస్తాను, రేపు గంటసేపు ఎక్కువ నడిచి కడిగేసుకుంటాను" అంటుంది పక్కనావిడ. గంగలో మునిగి పాపం కడుక్కోవడం విన్నాం గానీ, పార్కులో నడిచి బొబ్బట్టు కడుక్కోవడం ఇప్పుడే చూస్తున్నాం. మూడో ఆవిడ ఏమీ అనదు. బొబ్బట్టు తినేస్తుంది. కానీ తింటున్నంతసేపూ మొహంలో దొంగ చూపులు. తిన్న సుఖమూ లేదు, మానేసిన పుణ్యమూ లేదు.

ఇంతకీ నా సందేహం ఇదీ. తిండి తినడం నీతికి సంబంధించిన విషయమేనా? తక్కువ తిన్నావిడ మంచిదీ, ఎక్కువ తిన్నావిడ చెడ్డదీ అవుతుందా? సన్నగా వున్న మనిషికి మనోనిగ్రహం వున్నట్టూ, ఒళ్ళు చేసిన మనిషికి లేనట్టూ మనం చూపుతోనే తీర్పులు చెప్పేస్తుంటాం. ఆ తీర్పు న్యాయమేనా?

ముందుగా మనల్ని భయపెడుతున్న అంకెల సంగతి చూద్దాం. ఒకప్పుడు చేతి గడియారం టైము చెప్పి ఊరుకునేది. ఇప్పటి గడియారం మన అడుగులు లెక్కపెడుతుంది. రోజుకి పదివేల అడుగులు పూర్తి కాకపోతే రాత్రి పడుకోబోయే ముందు గుర్తు చేస్తుంది. హాల్లోంచి వంటింట్లోకీ, వంటింట్లోంచి హాల్లోకీ పచార్లు చేసి ఆ లెక్క పూర్తి చేస్తేగానీ నిద్రపట్టని ఇల్లాళ్ళు నాకు తెలుసు. ఈ పదివేలు ఏ వైద్యగ్రంథంలోదో అనుకుంటాం. 1964లో టోక్యోలో ఒలింపిక్స్ జరిగాక, జపాన్‌లో వ్యాయామం మీద మోజు పెరిగింది. 1965లో అక్కడి కంపెనీ ఒకటి నడుముకి తగిలించుకునే అడుగుల మీటరు అమ్మకానికి పెట్టింది. దాని పేరు మాన్పో-కే. అంటే 'పదివేల అడుగుల మీటరు' అని. అంకె గుండ్రంగా వుంది, నోటికి పట్టుకుంది, ప్రపంచమంతా తిరిగి మన చేతికొచ్చింది. 2019లో అమెరికాలో సుమారు 16,700 మంది పెద్ద వయసు స్త్రీల మీద జరిపిన పరిశీలన ఒకటి ప్రచురించారు. వాళ్ళ సగటు వయసు 72. రోజుకి 2,700 అడుగుల దగ్గర ఆగిపోయినవాళ్ళ కంటే 4,400 అడుగులు నడిచినవాళ్ళలో మరణాలు తక్కువగా కనిపించాయి. 7,500 దాటాక అదనంగా పెద్ద తేడా కనబడలేదు. ఇదొక్కటే వేదమని నేననను. కానీ తొమ్మిదివేల అడుగులు నడిచి, తక్కిన వెయ్యి కోసం ఏడుస్తూ పడుకోవడంలో అర్థం లేదన్న సంగతి మాత్రం తేలుతోంది కదూ!

బరువు లెక్క కూడా అంతే. ఎత్తునీ బరువునీ కలిపి బి.ఎమ్.ఐ. అంటున్నామే, దాని మూలపురుషుడు డాక్టరు కాదు. పందొమ్మిదో శతాబ్దంలో బెల్జియంలో వున్న అడాల్ఫ్ కెట్లే అనే గణిత, ఖగోళ శాస్త్రజ్ఞుడు. జనాభాలో 'సగటు మనిషి' ఎలా వుంటాడో తెలుసుకోవాలని ఆయన తాపత్రయం. ఎదురింటి వదినగారు పట్టుచీరలో ఎలా వున్నారో చెప్పడం ఆయన ఉద్దేశం కాదు! ఆ లెక్కకి బి.ఎమ్.ఐ. అని పేరు పెట్టింది 1972లో ఆన్సెల్ కీస్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు. డాక్టరుగారికి మొదటి అంచనాగా అది పనికొస్తుంది, కాదనను. కానీ ఒంట్లో వున్నది కండో కొవ్వో దానికి తెలియదు. పైగా మన దక్షిణాసియా వాళ్ళకి పెద్దగా బరువు పెరగకుండానే షుగరు వచ్చే అవకాశం ఎక్కువ. అంటే సన్నగా వున్నావిడకి ఆరోగ్యం పూచీ లేదు, బొద్దుగా వున్నావిడ రోగిష్టీ కాదు. అలాంటప్పుడు కంటికి కనిపించే ఒంటిని చూసి కనబడని గుణానికి మార్కులు వేయడం ఎంత తప్పు!

బి.ఏ.లో తత్వశాస్త్రం చదువుకున్నవాళ్ళకి అరిస్టాటిల్ గుర్తుండే వుంటాడు. ఏ విషయంలోనూ అతి పనికిరాదు, మధ్యస్థంగా వుండాలి అన్నది ఆయన సిద్ధాంతం. పరీక్ష కోసం బట్టీ పట్టి అంతటితో వదిలేస్తాం గానీ, ఆయన అక్కడే తిండి గురించి చక్కటి మాట చెప్పాడు. పది తూకాల తిండి ఎక్కువ, రెండు తూకాలు తక్కువ అనుకోండి. అంతమాత్రాన మధ్యనున్న ఆరు తూకాలు అందరికీ సరిపోతాయని కాదు. మైలో అనే మల్లయోధుడికి అది చాలదు. అప్పుడే సాము మొదలుపెట్టిన కుర్రాడికి అది ఎక్కువ. ఎవరి మధ్యస్థం వాళ్ళది. ఇరవై మూడు వందల ఏళ్ళ క్రితం గ్రీసులో తెలిసిన ఈ సంగతి ఇవాళ మనకి తెలియడం లేదు. పదహారేళ్ళ కూతురికీ, నలభై అయిదేళ్ళ తల్లికీ, డెబ్భై దాటిన అత్తగారికీ ఒకే డైట్ చార్టు ఫ్రిజ్ మీద అంటించేస్తున్నాం.

మన దేశపు కథే కావాలంటే సిద్ధార్థుడిది వుంది. ఆరేళ్ళపాటు కఠోర తపస్సు చేసి, ఎముకలగూడై పోయాక, ఒళ్ళు మాడ్చుకుంటే జ్ఞానం రాదని గ్రహించి సుజాత ఇచ్చిన పాయసం స్వీకరించాడు. ఇంతవరకూ అందరికీ తెలుసు. కానీ ఆయనతో కలిసి తపస్సు చేసిన అయిదుగురూ ఏం చేశారో ఎంతమందికి గుర్తుంది? ఆయన తిండి తిన్నాడనీ, నిగ్రహం తప్పాడనీ అసహ్యించుకుని వదిలేసి వెళ్ళిపోయారు. మన పేరంటాల్లో పక్కవాళ్ళ విస్తరి వంక చూసేవాళ్ళు కొత్తగా పుట్టుకొచ్చిన జాతేం కాదన్నమాట! తరవాత ఆ అయిదుగురే ఆయన మొదటి బోధ విన్నారు. ఆ బోధలో మొదటి మాట, భోగాల్లో మునిగిపోవడమూ వద్దు, ఒంటిని హింసించడమూ వద్దు అని.

"అయితే ఏమంటావమ్మా? షుగరు వచ్చినవాళ్ళు కూడా లడ్డూలు తింటూ కూర్చోమంటావా?" అని మీలో ఎవరైనా కోప్పడవచ్చు. అనను. షుగరు నిజం, బి.పి. నిజం, మోకాళ్ళ నొప్పులు నిజం. డాక్టరు వద్దన్నది మానాలి, ఇచ్చిన మాత్ర వేసుకోవాలి. అందులో రాజీ లేదు. కానీ దాన్ని పట్టుకుని మనిషిని దోషిని చేయకూడదంటాను. ఈ తేడా మన భాషకి బాగా తెలుసు. మనకి 'పథ్యం' అని ఒక మాట వుండేది. జ్వరం తగ్గినవాళ్ళకి బీరకాయ కూరతో, చారన్నంతో పథ్యం పెట్టేవారు. బాలింతకి పథ్యం పెట్టేవారు. గమనించారా? పథ్యం ఎవరో పెట్టేవారు. వేళకి వండి, దగ్గర కూర్చుని, "ఇంకో ముద్ద తిను" అని పెట్టేవారు. పాతకాలపు పథ్యాలన్నీ సవ్యమైనవని చెప్పను. దాహమేస్తుంటే బాలింతకి చాలినన్ని నీళ్ళివ్వని ఇళ్ళూ వుండేవి. కానీ పథ్యంలో వున్న మనిషిని చూసి ఎవరూ సిగ్గుపడమనేవారు కాదు. ఇప్పుడు పథ్యం పోయి డైటింగ్ వచ్చింది. డైటింగ్ ఎవరూ పెట్టరు, ఎవరికి వాళ్ళు చేసుకోవాలి. ఒంటరిగా, తనమీద తానే కాపలా వుండి, తనని తానే తిట్టుకుంటూ!

సిగ్గు వల్ల ఆరోగ్యం బాగుపడుతుందా అంటే అదీ కనబడదు. నాకు పిన్ని వరస అయ్యే ఒకావిడకి షుగరు వుంది. ఆవిడ చెయ్యి స్వీటు వైపు వెళితే చాలు, కొడుకులూ కోడళ్ళూ మనవలూ అందరూ పోలీసులే. నలుగురిలో "అమ్మా, నీకెందుకది?" అని అరుపు. ఆవిడ తినడం మానిందా? బీరువాలో చీరల మడతల కింద మైసూరు పాకు దాచుకునేది. నెల నెలా రక్తపరీక్షకి వెళ్ళాల్సింది, అంకె ఎక్కువొస్తే అందరూ చీవాట్లు పెడతారని పరీక్షే మానేసింది. పాదానికి పుండు పడితే పది రోజులు ఎవరికీ చెప్పలేదు. "చెబితే మళ్ళీ తిడతారే" అంది నాతో. డెబ్భై ఏళ్ళ మనిషి, అయిదుగురు పిల్లల్ని పెంచిన మనిషి, చంటిపిల్లలా భయపడుతూ ఆ మాట అంటుంటే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ పుండు నయం చేయించడం కంటే, ఇంట్లోవాళ్ళ నోళ్ళు మూయించడమే కష్టమైంది. చివరికి పెద్ద కోడలు తెలివైనది, ఓ పద్ధతి పెట్టింది. ఇంట్లో ఎవరూ అత్తగారి కంచంలోకి చూడకూడదు. ఆవిడ డాక్టరుగారితో తనే మాట్లాడుకుంటుంది. సాయంత్రం కోడలే తోడుగా వెళ్ళి గుడి దాకా నడిపించి తీసుకొస్తుంది. పండగపూట అందరితోపాటు ఆవిడకీ చిన్న ముక్క, కంచంలోనే, నలుగురి ఎదుటే. అప్పటినుంచీ బీరువాలో చీరలు మాత్రమే వుంటున్నాయి. పరీక్షకి ఆవిడే గుర్తుచేసి మరీ వెళుతోంది.

తిండి విషయంలో నీతి అనేది అసలు లేదా అంటే, వుంది. అయితే అది మనం వెతుకుతున్న చోట లేదు. ఎంత తిన్నాం అన్న దగ్గర కాదు, ఎవరు ఎప్పుడు తిన్నారు అన్న దగ్గర వుంది. వేడి వేడి దోసె ఎవరి కంచంలోకి వెళుతోంది? చల్లారి అట్ట కట్టినది ఎవరికి మిగులుతోంది? అందరూ తిని లేచాక, గిన్నెలో అడుగున వున్న కూర, పిల్లాడు వదిలేసిన పెరుగన్నం, మధ్యాహ్నం మిగిలిన చపాతీ, ఇవన్నీ ఎవరి పొట్టలోకి వెళుతున్నాయి? "పారేస్తే పాపం కదమ్మా" అంటూ తినేస్తాం. ఆకలికి కాదు, పాపభీతికి తింటాం. ఇంటికి చెత్తబుట్ట వుండగా మన పొట్టనెందుకు ఆ పనికి పెట్టాలి? ఆ పైన సాయంత్రం బరువు చూసుకుని, "నోరు కట్టుకోలేకపోతున్నాను" అని మళ్ళీ మనమే బాధపడతాం. పారేసినా పాపమే, తిన్నా పాపమే. ఎటు తిరిగినా ముద్దాయి ఇల్లాలే!

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత వుంది. అదే సర్వేలో నూటికి 24 మంది వుండాల్సిన దాని కంటే ఎక్కువ బరువున్నారు. చాలాచోట్ల ఈ రెండూ ఒకే మనిషిలో కలిసి వుంటాయి. చూడ్డానికి బొద్దుగా వుంటుంది, మెట్లెక్కితే ఆయాసం. అన్నం ఎక్కువ, పప్పూ ఆకుకూరా తక్కువ. ఆవిడకి కావలసింది "తిండి తగ్గించు" అన్న ఉపదేశం కాదు, పప్పు గిన్నె ఆవిడ వంతు వచ్చేసరికి ఖాళీ కాకుండా వుండడం.

నడక సంగతీ ఇంతే. ఉదయం ఆరింటికి అయ్యగారు బూట్లు వేసుకుని వాకింగ్‌కి వెళతారు. తిరిగొచ్చేసరికి కాఫీ సిద్ధం. ఆ కాఫీ పెట్టిన మనిషి కూడా నడవాలిగా? "నువ్వూ రాకూడదూ?" అంటారు ఎంతో ప్రేమగా. పాలవాడు, పిల్లల కారియర్లు, కుక్కరు, ఇవన్నీ ఎవరికి అప్పజెప్పి రావాలో మాత్రం చెప్పరు. సాయంత్రం వెళదామంటే చుట్టాలో, చదువులో. వెళ్ళలేకపోయిన ఆవిడకి బద్ధకస్తురాలని పేరు. ఇక మన ఇళ్ళలో పనిచేసే అమ్మాయి నాలుగిళ్ళు తిరిగి, అంట్లు తోమి, మూడంతస్తులు ఎక్కి దిగుతుంది. ఆవిడ కష్టాన్ని వ్యాయామం అని ఎవరూ మెచ్చుకోరు. తీరిక వున్నవాళ్ళ నడకే పుణ్యంలో జమ అవుతుంది. లేనివాళ్ళది లెక్కలోకే రాదు.

ఇంకొక్క విషయం వుంది, అదే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. మనం అద్దం ముందు నిలబడి "ఛీ, ఎంత లావైపోయానో" అనుకుంటాం. వెనకాల జడ వేసుకుంటున్న పన్నెండేళ్ళ పిల్ల ఆ మాట వింటుంది. తనకి అమ్మ అందంగానే కనబడుతోంది. అమ్మ మాత్రం 'ఛీ' అంటోంది. మర్నాటి నుంచి ఆ పిల్ల కూడా అద్దంలో తనని ఆ కళ్ళతోనే చూసుకుంటుంది. టిఫిన్ బాక్సులో అన్నం మిగిల్చుకొస్తుంది. మన నగలు పిల్లలకి ఇస్తామో లేదో గానీ, ఈ 'ఛీ' మాత్రం తప్పకుండా ఇచ్చి పోతున్నాం. ఇది నీతికి సంబంధించిన విషయం కాదంటారా?

శ్రద్ధ వేరు, చింత వేరు. తులసికోటకి రోజూ ఓ చెంబెడు నీళ్ళు పోయడం శ్రద్ధ. గంటగంటకీ వెళ్ళి ఆకు ఎంత పెరిగిందో కొలుచుకోవడం చింత. మొక్క శ్రద్ధకి పెరుగుతుంది, చింతకి పెరగదు. చింతకీ చితకీ మధ్య సున్నా ఒక్కటే తేడా అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

శ్రద్ధకి ఎంత కావాలో నిపుణులు కూడా పెద్ద లెక్కేం చెప్పలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దవాళ్ళకి చెప్పిన మాట వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మాదిరి శ్రమ. తక్కువ లెక్క వేసుకుంటే రోజుకి ఇరవై రెండు నిమిషాలైనా కాదు. కూరగాయల బజారుకి చురుగ్గా నడిచి వెళ్ళి రావడం అందులోకే వస్తుంది. వారానికి రెండు రోజులు కండరాలకి కాస్త పని చెప్పమన్నారు. అంత కుదరకపోతే ఏమీ చేయకపోవడం కంటే ఎంతో కొంత మేలేనన్నారు. ఎంత దయగల మాట! తిండి సంగతికొస్తే, పప్పూ, ఓ ఆకుకూరా, ఓ కాయగూరా, పెరుగూ, చేతికందిన పండూ. మునగాకు, తోటకూర, గోంగూర మన పెరళ్ళకీ బజార్లకీ కొత్తవి కావు. ఉప్పు మాత్రం రోజు మొత్తానికి ఓ చెంచా మించవద్దంటారు కాబట్టి, ఆవకాయ జాడీతో మరీ చనువు పనికిరాదు. ఇక పండగలంటారా? రోజుకి మూడుపూటల చొప్పున ఏడాదికి 1,095 పూటలు తింటాం. అందులో పండగలూ పెళ్ళిళ్ళూ కలిపి ఓ ఇరవై పూటలు అనుకోండి. మిగిలిన వెయ్యిన్ని డెబ్భై అయిదు పూటలు సవ్యంగా వుంటే, ఆ ఇరవై పూటలూ హాయిగా నవ్వుతూ తినవచ్చు. ఆ ఇరవై పూటల కోసం మిగతా ఏడాదంతా భయపడుతూ బతకడం ఏం న్యాయం?

మన ఒళ్ళు మన కింద పనిచేసే గుమాస్తా కాదు, రోజూ హాజరు వేసి చీవాట్లు పెట్టడానికి. పుట్టినప్పటి నుంచీ మనతో కాపురం చేస్తున్న మనిషి లాంటిది. పిల్లల్ని కన్నది, బిందెలు మోసింది, రాత్రుళ్ళు మేలుకుంది. దానికి వేళకింత తిండి, కాస్త కదలిక, కంటినిండా నిద్ర ఇవ్వడం మన ధర్మం. అంతకు మించి దాన్ని అవమానించడం మన ధర్మం కాదు.

రేపటి నుంచి ఏదో కొత్త నియమం మొదలుపెట్టమని నేను చెప్పబోవడం లేదు. అలాంటివి మనకి చాలానే వున్నాయి. ఈ పూట భోజనాలకి కంచాలు పెట్టేటప్పుడు, మీ కంచం కూడా అందరితోపాటే పెట్టేయండి. "ముందు మీరు తినండి, నేను తరవాత తింటాలే" అన్న మాట ఈ ఒక్కపూటకి మానండి. ఎవరికి కావలసింది వాళ్ళు వడ్డించుకుంటారు. మీరు మాత్రం వేడి వేడిగా, కూర్చుని, కడుపుకి చాలినంత తినండి.